చెంబులోని గొంతు

చుక్కలసముద్రం వైపు బయలుదేరేనాటికి నా చేతిలో ఉన్న ఆస్తి ఇది: అడుగున చిల్లుపడితే గుడ్డపీలికలు కుక్కిన పడవ, దాని నిండా మిరియాల బస్తాలు, అరువు తెచ్చిన తెల్లకోడెల జత, గట్టిగా నవ్వితే ఊడిపోయే పెట్టుడు గడ్డం, నడికట్టులో దాచిన రాణిగారి ముద్ర ఉంగరం. వీటితో పాటు రాణిగారి మాట ఒకటి. పని నెగ్గించుకొస్తే నది పొడవునా నా సరుకుకు సుంకం ఉండదు.

నా పేరు పేరిశెట్టి. కత్తి పట్టడం రాదు, బేరం పట్టడం వచ్చు. మణిధార రాజ్యంలో ఇంతమంది సేనానులు ఉండగా జయంతికారాణి నన్నే పిలిపించడానికి కారణం కూడా అదే.

"శెట్టీ, నదీతీరంలో పన్నెండు పట్నాలు ఉన్నాయి. అందులో సగం పట్నాలకు ఆడవాళ్ళే పెద్దలు కావాలనీ, ఆ పట్నాలు వాళ్ళ నోటిమాటతోనే నడవాలనీ మా ముత్తవ్వ శాసనం చెక్కించింది. మొన్న పెద్దలందరినీ కొలువుకు రమ్మన్నాను. ఎవరొచ్చారో తెలుసా?" అంది రాణి.

"మగవాళ్ళు వచ్చారు కాబోలు తల్లీ."

"మగవాళ్ళే. ఒక్కొక్కడి చేతిలో ఒక రాగిచెంబు. మూత తీసి పెదవుల దగ్గర పెట్టుకుని మాట్లాడితే ఆడగొంతు పలుకుతోంది. ఇదేమిటయ్యా అంటే, శాసనంలో ఉన్నది ఆమె నోటిమాటే కదమ్మా, ఇదిగో ఆమె నోరు అంటున్నారు. ఆ సరుకు ఎక్కడ తయారవుతోందో, దాన్ని విరగ్గొట్టే ఉపాయం ఏమిటో చూసిరా."

సరుకు అన్నాక నా పనే. ఒప్పుకున్నాను.

మూడు కొండలు నదిని పిడికిట పట్టి నొక్కిన చోట దారి ఇరుకవుతుంది. అక్కడ నీళ్ళు పచ్చగా, నూనెలా, శబ్దం లేకుండా సుడి తిరుగుతాయి. చెంబులు చేసే మాంత్రికుడు ఘటకర్ణుడి కాపలా మొసలి ఆ సుడిలోనే ఉంటుందనీ, మనిషి మాట వినబడితే లేస్తుందనీ పల్లెకారులు ముందే హెచ్చరించారు. నేను నోరు కట్టుకున్నాను. కోడెల మెడలో గంటలకు బంకమట్టి కుక్కాను. సుడి సగం దాటాక వాటిలో ఒకటి అంబా అంది.

నీళ్ళు రెండుగా చీలాయి. ఇత్తడి పొలుసులతో, తలమీద నాచు తురాయితో, ఇంటి దూలమంత పొడుగున మొసలి లేచి పడవ వెనకభాగాన్ని కరిచింది. తెడ్డు దాని దవడల మధ్య నిలువుగా దిగ్గొట్టాను. అది తల విదిలించిన ఊపుకు పడవ బాణంలా ఎగిరి, జలపాతం అంచు దాటి, గాలిలో ఒక నిమిషం ఈది, చుక్కలసముద్రంలో దబ్బున పడింది. కోడెలు ఈదుకుంటూ ఒడ్డుకు వెళ్ళాయి. పడవను తూము కాలవ పక్కకు లాగి కట్టి, మిరియాల బస్తాలు గట్టెక్కించాను. గడ్డం తడిసింది గాని ఊడలేదు.

ఆ చెరువును సముద్రం అని ఎందుకన్నారో కళ్ళెత్తి చూస్తే తెలిసింది. ఆకాశం మొత్తం అందులో పరుచుకుని ఉంది. చుట్టూ నిద్రపోతున్న ఏనుగుల బారులా మట్టికట్ట. కట్టకు అటువైపు పల్లంలో నీలిపెంకుల ఇళ్ళు, తోటలు, మగ్గాల చప్పుడు, అదే తూములపట్నం. కట్ట నడుమ తూము నోటి దగ్గర తాటిచెట్టు ఎత్తున ఒక రాతివీరుడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పేరు గండవీరుడు. తూముకు అడ్డంగా ఉన్న బండరాతి తలుపును అతని రెండు చేతులే ఎత్తాలి, మరెవరి తరమూ కాదు. స్ఫటికంతో చేసిన కళ్ళు, ఛాతీ మీద పాములా చుట్టుకున్న హారం, చెంపల మీదుగా జారే పూలమాలలు. సరుకు చూస్తే నాలుగువైపులా తిప్పిచూడటం నా అలవాటు. గాలికి మాలలు పక్కకు తొలిగినప్పుడు చూశాను. ఆ తలకు చెవులు లేవు. శిల్పి చెక్కడం మరిచాడో, వద్దనుకున్నాడో గాని చెంపలు నున్నగా ఉన్నాయి.

ఒడ్డున చేపల గంప దించుకుంటున్న ఒకామె నన్నూ కోడెలనూ ఎగాదిగా చూసింది. దిగువపేట మనిషి. పేరు నూకాలు.

"ఏం శెట్టీ, కోడెలు నీళ్ళలోంచి మొలిచాయా?"

"దారి దగ్గరని అటే వచ్చాం. అమ్మకానికే."

"అయితే పెద్దింటికి తోలుకెళ్ళు. రేపు తూమెత్తే పండగ. రథానికి తెల్లకోడెలు కావాలని బొల్లన బాబు ఊరంతా గాలిస్తున్నాడు."

"ఆయనేనా పట్నపెద్ద?"

"పెద్ద మైలసానమ్మ. ఆయన ఆమె మొగుడు. ఆమె గొంతు మోస్తుంటాడు." అని గొంతు తగ్గించింది. "అంతకుమించి ఇక్కడ అడక్కు. చూరులకు కుండలు చూశావుగా."

చూశాను. ప్రతి ఇంటి చూరుకూ ఒక నల్లకుండ వేలాడుతోంది, నోరు వీధివైపు పెట్టుకుని. వీధిలో ఎవరేం మాట్లాడినా ఆ కుండలో పడి, కొండమీద గుహలో ఉన్న ఘటకర్ణుడి చెవిలో తేలుతుంది.

"చెరువు బాగా పొంగినట్టుంది" అన్నాను, కుండకు వినబడినా ఫరవాలేని మాటగా.

"రేపు తూము లేవకపోతే మా పేట నీళ్ళలో ఉంటుంది. ఎప్పుడూ లేస్తూనే ఉందిలే" అని ఆమె గంప ఎత్తుకుంది.

పెద్దింటి వసారాలో బొల్లన ఉయ్యాలబల్ల మీద ఊగుతున్నాడు. చెడ్డవాడి ముఖం కాదు. తనకు అన్నీ తెలుసని ఎవరో చెబితే నమ్మిన ముఖం. ఒళ్ళో రాగిచెంబు. స్తంభం పక్కన పీటమీద నలభై ఏళ్ళ స్త్రీ కూర్చుని ఉంది. ఎత్తైన నుదురు, మెడ చుట్టూ రాగితీగ ఒత్తిన గుర్తు. మైలసాని.

బొల్లన చెంబు మూత తీసి, "ఎవరక్కడ, మజ్జిగ తెండి" అన్నాడు. పలికింది ఆడగొంతు. గంభీరంగా, వెచ్చగా, సభను నిలబెట్టగల గొంతు. అది మజ్జిగ అడుగుతోంది. ఆ గొంతు గలామె తలెత్తలేదు.

"రేపటికి సాధన చేస్తున్నా" అన్నాడు నాతో తన సన్నటి గొంతుతో. "ఏటా పెద్దావిడ దీపం పట్టుకుని నా వెనకాల నిలబడేది. ఈసారి వద్దన్నాను. వానలో తడవడం ఎందుకు? దీపం పూజారి పట్టుకుంటాడు. గొంతు నా దగ్గర ఉన్నాక మనిషితో పనేముంది?"

"నిజమే బాబూ. కోడెల సంగతి?"

"ఎద్దుల బేరం నాకు చేతకాదయ్యా. ఆవిడ పుట్టిల్లు పశువుల సంత నడిపినవాళ్ళు. తువ్వాలు వేసి వేళ్ళతో అడుగు, చెబుతుంది. నోరు లేదు గాని వేళ్ళకేం."

సంతలో బేరం ఎలా జరుగుతుందో ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. ధర వేళ్ళతోనే అడుగుతారు, వేళ్ళతోనే ఒప్పుకుంటారు. చుట్టూ జనం ఉన్నా లోపల నడిచింది ఆ ఇద్దరికే తెలుసు. ధరకే కాదు, మాయరోగం ఉన్న గొడ్డు, దొంగ గొడ్డు, ఆగు, పో, నమ్మకు, అన్నిటికీ నొక్కులున్నాయి.

నేను తువ్వాలు పరిచి ధర చెప్పాను. ఆమె నా చిటికెనవేలు మడిచింది. అంటే దొంగసొత్తు. కోడెలు అరువువని ఎలా తెలిసిందా అని అదిరిపడ్డాను. ఆమె నా బొటనవేలిని ఉయ్యాల వైపు, చెంబు వైపు తిప్పింది. దొంగసొత్తు అది. అరచేతిలో తట్టింది. అసలు ఆసామిని నేను.

నడికట్టులోంచి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాను. ముద్రను వేలితో తడిమింది. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. నా జన్మలో అంత వేగంగా వేళ్ళాడించిన దళారిని చూడలేదు. సంతలో లేని నొక్కులు కొన్ని ఉన్నాయి. ఒక పెద్ద మరో పెద్దకు నేర్పుతూ, గొంతులేని ఆడవాళ్ళు తమ కోసం అల్లుకున్న భాష అది. నాకు అందినంతవరకు బేరం ఇది:

తూము కాపరికి చెవులు లేవు. కళ్ళే. చెంబు మాట వాడు ఏనాడూ వినలేదు. మగవాడు ముందు నిలబడి అరిచేటప్పుడు, వెనక దీపం పట్టుకుని మేమే చేత్తో చెప్పాం. వాడు లేచాడు. చెంబు లేపిందనుకున్నారు. చెప్పుకుంటే చేతులు కూడా తీస్తారని ఊరుకున్నాం. రేపు నేను కట్టమీద లేకపోతే సరుకు కదలదు. పల్లపు ఇళ్ళు పోతాయి. నన్ను అక్కడికి చేర్చు.

"ఇంతసేపా? ఎద్దుల బేరమా, పెళ్ళి సంబంధమా?" అన్నాడు బొల్లన.

"అమ్మగారు గట్టి మనిషి బాబూ. చర్మం ఒలిచేసింది" అన్నాను. ఆ మాట నిజమే.

కోడెలు ఆ ధరకే ఇచ్చేశాను. ఉంగరం ఆమె దగ్గరే ఉండిపోయింది.

మరునాడు తెల్లవారేసరికి ఆకాశం లేదు, వాన ఒక్కటే ఉంది. రథం వెంట ఊరంతా కట్ట ఎక్కింది. ఆమెను తప్పించడానికి నేను వెళ్ళేసరికే పెద్దింటి తలుపుకు బయట గడియ, గడియకు ఇద్దరు భటులు. చేసేది లేక కట్టమీదికి పరిగెత్తాను. చెరువు నీళ్ళు అంచున నిలిచి లోపలికి తొంగిచూస్తున్నాయి.

బొల్లన చెంబు మూత తీశాడు. "గండవీరా, తూమెత్తు" అంది మైలసాని గొంతు. రాయి రాయిలాగే ఉంది. మళ్ళీ అరిచాడు. కట్ట అంచు తెగి మొదటి పాయ నురగ కక్కుతూ దిగువపేట వైపు జారింది. పేటలోంచి కేకలు వినిపించాయి.

అప్పుడు కొండమీద గుహ తెరుచుకుంది. నల్లటి పొగ మెట్లు మెట్లుగా దిగి, ఆ మెట్ల మీద ఘటకర్ణుడు దిగివచ్చాడు. తలకు రెండువైపులా చెవులకు బదులు రెండు కాల్చిన కుండలు. వాటి మూతులు తామెటు కావాలంటే అటు తిరుగుతున్నాయి. మెడలో మూతవేసిన చిన్నచెంబుల దండ. నడిస్తే ఆ చెంబుల్లోంచి ఎందరో ఆడవాళ్ళు ఒకేసారి ఊపిరి పీల్చిన చప్పుడవుతోంది.

"గొంతు ఇచ్చారు, మనిషిని దాచుకున్నారు. కాపరికి కోపం వచ్చింది. మిగిలింది కూడా ఇచ్చేయండి" అన్నాడు.

"స్వామీ, గొంతిస్తే చాలన్నారు కదా అప్పుడు" అన్నాడు బొల్లన.

"అప్పటి ధర అది."

బొల్లన చెంబు వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు, తల దించుకున్నాడు. మైలసానిని తెచ్చారు. చేతులు వెనక్కు విరిచి పలుపుతాడుతో కట్టారు. ఆమె కాపరి ఎదురుగా నిలబడింది, కాపరి స్ఫటికపు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి, మాట్లాడాల్సిన చేతులు మాత్రం వీపు వెనక ఉన్నాయి. భటులు ఆమెను నీటి అంచుకు నెడుతున్నారు.

నేను అడ్డం వెళ్ళాను. "స్వామీ, వర్తకుణ్ణి, ఒక్క మాట. కట్టేసిన బలిని ఏ దేవుడైనా తీసుకుంటాడా? తనంతట తాను దండం పెడితేనే కదా చెల్లుబాటు? రేపు కాపరి తిప్పిపంపితే ఊరు మిమ్మల్ని అడుగుతుంది."

జనంలోంచి అవునవునన్నారు. భటుడు తాడు ముడిమీద చెయ్యి వేశాడు. ఘటకర్ణుడి కుండలు రెండూ గిర్రున నావైపు తిరిగాయి.

"నీ గుండె చప్పుడు వింటున్నాను వర్తకుడా. దండం కోసం కాదు నువ్వు అడిగేది."

నా దగ్గర కత్తి లేదు. రథం మీదికి ఎక్కించిన మిరియాల బస్తా ఉంది, పండగ వంటకని బొల్లనకు నేనే అంటగట్టింది. అమ్మకానికని పైన గింజలు కనిపించినా, అడుగున దంచిన పొడి ఉంటుంది. బస్తా ఎత్తి, మూతి విప్పి, రెండు కుండల నోళ్ళలోకీ బోర్లించాను.

ప్రపంచంలో చాలా చప్పుళ్ళు విన్నాను. రెండు కుండలు ఒకేసారి తుమ్మడం అదే మొదలు. ఆ తుమ్ముకు భటులు పడ్డారు, రథం పడింది, నా గడ్డం ఎగిరి చెరువులో పడింది. ఘటకర్ణుడు కళ్ళు పిసుక్కుంటూ మంత్రం చదవబోతే తుమ్ములే వచ్చాయి. నేను పాకుతూ వెళ్ళి పళ్ళతో తాడు కొరికాను. సగం నేను తెంచాను, మిగతా సగం ఆమె ఒక్క గుంజుతో తెంపుకుంది.

మైలసాని కట్ట అంచున నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. వానలో ఆ వేళ్ళు విచ్చుకుని, ముడుచుకుని, ఒకదాన్నొకటి దాటి, కిందనుంచి పైకి లేచాయి. అందులో బతిమాలడం లేదు. పనివాడికి పని చెప్పినట్టుంది.

స్ఫటికపు కళ్ళలో వెలుగు కదిలింది. గండవీరుడి భుజాల మీద ఏడాదినాటి నాచు పెళ్ళలుగా రాలింది. కొండ మూలిగినట్టు మూలిగి, రెండు చేతులూ నీళ్ళలోకి దించి, ఇంటి గోడంత బండతలుపును గుండెలదాకా ఎత్తాడు. చుక్కలసముద్రం తూములో పడి గర్జించుకుంటూ కాలవ పట్టింది. దిగువపేట మీదికి జారుతున్న పాయ సన్నగిల్లి, దారమై, ఆగిపోయింది. కాలవ పక్కన కట్టిన నా పడవ ఆ వరదలో చిప్పలా ఎగిరి కనిపించకుండా పోయింది. చూశాను. పోనీలే అనుకున్నాను. ఆ మాట నా నోట రావడం నాకే కొత్త.

ఘటకర్ణుడు పొగమెట్లు అందుకున్నాడు. చిటిక వేశాడు. బొల్లన చేతిలోని చెంబు గాల్లోకి లేచి అతని దండలో చేరింది. "పని జరిగింది సరే, నోరు నాదే. మిగతా పట్నాలు ఇంకా నా చెంబుల్లోనే ఉన్నాయి" అని తుమ్ముల మధ్య చెప్పి, నది దిగువకు ఎగిరిపోయాడు.

బొల్లన ఖాళీ చేతులు చూసుకుంటున్నాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు.

ఆమె వేళ్ళు కదిలాయి. అతను నావైపు చూశాడు.

"తెగినచోట మట్టి మొయ్యమంటోంది. మీతో మొదలుపెట్టమంటోంది" అన్నాను.

అతను గంప ఎత్తుకున్నాడు. పట్నం సభలో ఉండే ముసలి కరణం మాత్రం ముందుకొచ్చి గొణిగాడు. "పని బాగుంది, కాదనను. కానీ నోరులేని మనిషి పెద్దపీట మీద ఎలా కూర్చుంటుంది? శాసనం నోటిమాట అంటోంది కదా. కొడుకుంటే అతన్నైనా..."

నూకాలు తడిచీర పిండుకుంటూ అంది. "ఇన్నాళ్ళూ మనిషి లేకుండా నోరొక్కటే కూర్చుంది గదయ్యా. అప్పుడు నీకు శాసనం గుర్తురాలేదు. ఈసారి మనిషిని కూర్చోనీ."

దిగువపేట ఆడవాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు. వాళ్ళ వెనక వాళ్ళ మగవాళ్ళు. కరణం పక్కకు తప్పుకున్నాడు. మైలసాని కట్ట దిగి, నడుచుకుంటూ సభమండపానికి వెళ్ళింది. పెద్దపీట మీద గొంతు చెంబు పెట్టడానికి చేసిన పట్టుకుదురు ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టింది. కూర్చుంది. రాణి ముద్ర ఉంగరం వేలికి తొడిగి, చెయ్యి అందరికీ కనబడేలా మోకాలి మీద పెట్టింది. చెప్పొద్దూ, నా కళ్ళు చెమ్మగిల్లాయి. మిరియాల ఘాటు కాదు.

ఆరోజే మూడు తీర్పులు చెప్పింది. తెగిన కట్ట ఎవరి వంతు, మునిగిన ఇళ్ళకు బియ్యం ఏ గాదె నుంచి, చూరుల కుండలు ఎప్పటిలోగా పగలగొట్టాలి. నేను పక్కన నిలబడి వేళ్ళను మాటల్లో పెట్టాను. మూడో తీర్పు వచ్చేసరికి నా అవసరం లేకపోయింది. జనం ఆమె చేతులనే చూస్తున్నారు.

మర్నాడు నూకాలు పడవలో మైలసానీ నేనూ ఎక్కాం, నది దిగువకు, ఘటకర్ణుడి వెనక. ఊరును సభకు అప్పగించి మైలసాని ముందుభాగాన నిలబడింది. గొంతు కోసమా అని అడిగాను. నాదొక్కటే అయితే ఇంత దూరం ఎందుకు, అన్నాయి వేళ్ళు.

మధ్యాహ్నానికి తర్వాతి పట్నమైన వంకలపట్నం కోటగోడ కనిపించింది. నీటి గుమ్మం మూసి ఉంది. గోడమీద పొగ, పొగ కింద చెంబులు పట్టుకున్న మగవాళ్ళ వరస, విల్లంబులు పట్టుకున్న భటుల వరస. ఒక బాణం వచ్చి పడవ అంచులో దిగింది. మైలసాని కదలలేదు. ఎందుకంటే ఆమె చూస్తున్నది గోడపైకి కాదు, గోడ కిందికి. అక్కడ బట్టలుతికే బండల మీద, నీళ్ళు ముంచే మెట్ల మీద, నాట్లు వేసే మడుల్లో ఆడవాళ్ళు నడుములెత్తి నిలబడుతున్నారు. ఒక్కొక్కరే చెయ్యి పైకెత్తారు. వేళ్ళు విచ్చుకున్నాయి. పెద్దల వేళ్ళభాష రేవులదాకా పాకిందన్నమాట. తూములపట్నం కబురు ఏ కుండకూ వినబడకుండా, రేవు నుంచి రేవుకు, మా కంటే ముందే చేరిపోయింది. రెండో బాణం వచ్చింది. నూకాలు తెడ్డు బలంగా వేసింది. పడవ గుమ్మం వైపే దూసుకుపోయింది.

ఆ నిమిషానికి నా లెక్క ఇది. పోయినవి: పడవ, మిరియాలు, అరువు కోడెలు, ఒక గడ్డం. వచ్చినవి: ఒక పట్నానికి ఒక పెద్ద, ఆ పెద్ద చేతిమాట తెలిసిన ఒక ఊరు, ఎదురుగా ఒడ్డు పొడవునా లేచిన ఇన్ని చేతులు. వర్తకంలో ఇంత లాభం నేను ఎన్నడూ చూడలేదు.